క్యారేజీ ఉండే సీటు

మేడమ్ వ్యాన్ ముందు తలుపు తీసి, సీటు మీదున్న క్యారేజీని డ్రైవరు చేతికిచ్చి, అక్కడ కూర్చుంది. వెనక కూర్చున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. డ్రైవరు క్యారేజీని ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి వెనక్కి చూశాడు. అతను చూసింది తన మేనకోడలి వంక. ఆమె కిటికీ వైపు తిరిగింది.

అది ఆరోగ్య కేంద్రం వ్యాన్. కేంద్రం కొండ కింద, రోడ్డు పక్కన ఉంది. కొండమీద మలుపు మలుపుకూ ఉన్నవి పై ఊళ్లు. ఆ నేలమీద అందరికంటే ముందునుంచీ ఉంటున్న మూలవాసుల ఊళ్లవి. పొద్దున వ్యాన్ పైకి వెళ్లి, ఇంటింటి ముందూ ఆగి, మందులు తెచ్చుకోవలసినవాళ్లనూ పరీక్షలు చేయించుకోవలసినవాళ్లనూ కిందికి తెస్తుంది. సాయంత్రం మళ్లీ ఎవరి గుమ్మం ముందు వాళ్లను దింపుతుంది.

మేడమ్‌ని ఆరోగ్య శాఖ పంపింది. మూలవాసుల కోసం నడిచే కేంద్రాల్లో ఏ పద్ధతి పనికొస్తోంది, ఏది పనికి రావడం లేదు అన్నది చూసి రాయడం ఆవిడ పని. పనికొచ్చేదాన్ని మిగతా కేంద్రాల్లో కూడా పెడతారు. పనికి రానిదాన్ని ఆపేస్తారు. ఆవిడకు సహాయంగా వచ్చిన అమ్మాయి ఈ పై ఊళ్లలోనే పుట్టి పెరిగింది. ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఈ వ్యాన్‌లో మాత్రం పిట్ట. చిన్నప్పుడు ఎక్కింది మొదలు దిగేదాకా నోరు మూసేది కాదని వ్యాన్‌లోవాళ్లే అలా పిలవడం మొదలుపెట్టారు. డ్రైవరు ఆమెకు మేనమామ.

ఆపేయవలసినవాటి వరసలో ఈ వ్యాన్ ముందుంది. ఫోన్ చేస్తే కారు వచ్చి, ఒక మనిషిని తిన్నగా తీసుకువెళ్లి తిన్నగా దింపుతుంటే, ఈ డొక్కు బండి కొండంతా తిరగడం దేనికని శాఖవాళ్లు అడుగుతున్నారు. మేడమ్ కూడా ఆ ప్రశ్నతోనే వచ్చింది. వారం చివర ఆవిడ ఏం రాస్తే అది జరుగుతుంది. ఆ సంగతి పిట్టకు తెలుసు, మావయ్యకు తెలుసు, చెప్పకపోయినా వ్యాన్‌లో అందరికీ తెలుసు.

ముందు సీటు సంగతి మాత్రం మేడమ్‌కి తెలియదు.

ఆ సీటులో మామూలుగా ఎవరూ కూర్చోరు. అక్కడ మావయ్య క్యారేజీ ఉంటుంది, అద్దం తుడుచుకునే గుడ్డ ఉంటుంది. వెనక కాలు పెట్టుకునే చోటు లేకపోయినా, ఒకరి ఒళ్లో ఒకరి సంచి ఉన్నా, ముందుకు ఎవరూ వెళ్లరు. ఏ సాయంత్రమో నర్సమ్మ ఒకరిని చెయ్యి పట్టుకుని వ్యాన్ దాకా తీసుకొస్తుంది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని రావడం ఆ ఒక్కదానికే. మావయ్య క్యారేజీ తీసి తన కాళ్ల దగ్గర పెట్టుకుంటాడు. వచ్చిన మనిషి ముందు సీటులో కూర్చుంటుంది. లోపల డాక్టరు చెప్పింది మంచిమాట కాదని వెనకవాళ్లకు అర్థమవుతుంది. ఏమిటని ఎవరూ అడగరు. మాటలు ఆపరు కూడా. మేకల గురించి, వానల గురించి, పెళ్లిలో కూర చెడిపోయిన సంగతి గురించి మాట్లాడుతూనే ఉంటారు. ఆ మనిషి ఇల్లు వచ్చినప్పుడు ఆమెతో పాటు ఇంకో ఇద్దరో ముగ్గురో దిగిపోతారు. ఎవరు దిగాలని ఎవరూ చెప్పరు. దిగినవాళ్లు పొయ్యి వెలిగిస్తారు, నీళ్లు పడతారు, పిల్లలుంటే చూస్తారు. ఆ ఇంట్లోనే పడుకుంటారు.

ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. దానికి ఒక పేరంటూ లేదు.

మేడమ్ ఆ సీటులో కూర్చున్నది పెద్దరికం కొద్దీ. ఏ ఊళ్లో ఏ బండి ఎక్కినా ఆవిడను ముందే కూర్చోబెడతారు. అందులోనూ ఆవేళ కేంద్రం మెట్లు దిగుతూ ఆవిడ కాలు మెలికపడింది. పక్కనే ఉన్న నర్సమ్మ చెయ్యి అందించి, వ్యాన్ దాకా నడిపించింది. వెనకవాళ్లకు ఇంకేం కావాలి.

వ్యాన్ కదిలింది. మొదటి మలుపు దాటింది. తరువాత రేడియో పిన్ని అందుకుంది. ఆవిడ నోటికి స్విచ్చి లేదని వడ్రంగి అంటాడు. తన కోడిపెట్ట పక్కింటివాళ్ల గంపలో గుడ్లు పెడుతోందని, ఆ గుడ్లు ఎవరివన్నది పెద్దమనుషులు తేల్చాలని మొదలుపెట్టింది. వడ్రంగి వెంటనే కోడిపెట్ట తరఫున వాదించాడు. దానికి అక్కడ మర్యాద దొరుకుతోంది కాబట్టి వెళ్తోందన్నాడు. అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి పిన్ని కళ్లు తుడుచుకుంది.

పిట్ట అప్పుడే చెప్పి ఉండవచ్చు. మేడమ్ చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. కానీ ఆ సీటు గురించి వ్యాన్‌లో ఎవరైనా ఏదైనా అనగా ఆమె ఎన్నడూ వినలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా ఆమెకు తెలియలేదు.

మేడమ్, పిట్ట దిగింది అన్నిటికంటే పై ఊళ్లో, బడి వెనక ఉన్న రెండు గదుల్లో. వ్యాన్ ఆగేసరికి రేడియో పిన్ని, ఆవిడ ఆడపడుచు కూడా దిగారు. వాళ్ల ఇల్లు దిగువ మలుపులోనే దాటిపోయింది. మేడమ్ అది గమనించలేదు. ఏదో పనిమీద వచ్చారనుకుంది. పిన్ని తిన్నగా వంటగదిలోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆడపడుచు మంచం మీది దుప్పటి తీసి దులిపి పరిచింది. మేడమ్ వద్దన్నకొద్దీ వాళ్లు తలూపుతూ పని చేశారు. చీకటిపడ్డాక వెళ్తారనుకుంటే ముందు గదిలో చాప వేశారు.

పిట్ట తన గదిలో కూర్చుని ఆ చప్పుళ్లన్నీ వింది. గిన్నెల మోత, చాప దులిపిన మోత, గుసగుసగా మొదలై గట్టిగా మారిపోయే పిన్ని గొంతు. ఆ చప్పుళ్లు ఆమెకు తెలిసినవే.

ఆమె చిన్నప్పుడు తల్లి వెంట కేంద్రానికి వెళ్లేది. తల్లికి నీరసంగా ఉంటే పరీక్షలు చేస్తున్నారు. ఒక సాయంత్రం నర్సమ్మ తల్లి చెయ్యి పట్టుకుని వ్యాన్ దాకా వచ్చింది. మావయ్య క్యారేజీ తీశాడు. సొంత అక్క కోసం తీశాడు. తల్లి ఒళ్లో కూర్చుని పిట్ట మొదటిసారి ముందు అద్దంలోంచి రోడ్డు చూసింది. వెనక కూర్చుంటే కనబడేవి పక్కనున్న చెట్లే. ముందు కూర్చుంటే రోడ్డు ఎదురొస్తుంది. తల్లి సీటులో అటూ ఇటూ కదులుతుంటే తన బరువుకే అనుకుంది. మావయ్య పిట్ట చెయ్యి తీసుకుని హారన్ మీద పెట్టాడు. ప్రతి మలుపులోనూ నొక్కమన్నాడు. ఎదుట ఏ బండీ లేని మలుపుల్లో కూడా ఆమె నొక్కింది. ఇంటి దగ్గర దిగేసరికి వ్యాన్‌లో సగం మంది వాళ్లతోపాటు దిగారు. పిట్ట అందరికీ గ్లాసుల్లో నీళ్లు అందించింది. ముందు సీటులో కూర్చున్నవాళ్ల ఇంటికి చుట్టాలు వస్తారని ఆమెకు అనిపించింది. రేడియో పిన్ని పక్కన పడుకుని నిద్రపోయింది. తన జీవితంలో అంత సందడి మళ్లీ చూడలేదని తరువాత చాలాకాలం అనుకునేది.

మర్నాడు మళ్లీ ముందే కూర్చుంటానని మారాం చేసింది. మావయ్య ఆమెను తన సీటు వెనక నిలబెట్టుకుని, భుజం మీదుగా చెయ్యి చాపి హారన్ నొక్కమన్నాడు. ముందు మాత్రం కూర్చోనివ్వలేదు.

తల్లి ఆ తరువాత కొన్నాళ్లే ఉంది. ఆ కొన్నాళ్లూ వైద్యానికి ఒక్కసారి కూడా మానకుండా వెళ్లింది. వెనక సీటులో, పిన్ని పక్కన కూర్చుని. ఆ సాయంత్రం ఏమిటో పిట్టకు హాస్టల్లో ఉండగా తెలిసింది. ఎవరూ చెప్పలేదు. కాలేజీలో మాస్టారు రోగికి జబ్బు సంగతి ఎలా చెప్పాలో పాఠం చెబుతుంటే ఆమెకు హారన్ గుర్తొచ్చింది. క్లాసులోంచి లేచి బయటికి వెళ్లిపోయింది.

పొద్దున పిన్ని, ఆడపడుచు వెళ్లాక మేడమ్ పిట్ట గది తలుపు కొట్టింది. కాఫీ కప్పు చేతిలోనే ఉంది.

"నాకేమైనా అయిందా?" అంది.

పిట్ట ఆవిడకు కుర్చీ జరిపింది.

"వాళ్లు నన్ను చూసే తీరు చూసి మా ఇంటికి ఫోన్ చేశాను. అందరూ బాగానే ఉన్నారు. మా తమ్ముడైతే నిద్ర చెడగొట్టానని తిట్టాడు. మరి వీళ్లకు తెలిసి నాకు తెలియనిది ఏమిటి?"

పిట్టకు నవ్వు వచ్చింది, ఆగలేదు. మేడమ్ కాఫీ తాగుతూ ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది. ఇన్నేళ్లుగా కేంద్రాలు తిరుగుతున్నానని, దండలు వేశారు గానీ తన గుమ్మం దగ్గర చాప వేసుకుని ఎవరూ పడుకోలేదని చెప్పింది.

"అడిగి చెబుతాను మేడమ్," అంది పిట్ట.

"ఎవర్ని అడుగుతావు?"

"వ్యాన్‌ని."

మావయ్య ఇంటి ముందు వ్యాన్ కడుగుతున్నాడు. పక్క తలుపు ఎప్పటిలాగే కొంచెం పైకెత్తి జరిపితేనే తెరుచుకుంటోంది. లోపల నేలకు వడ్రంగి వేసిన చెక్క అక్కడక్కడ అరిగింది. డీజిలు వాసన, నొప్పుల మందు వాసన కలిసి పిట్టకు తెలిసిన ఆ ఒక్క వాసన అలాగే ఉంది. ఆమె గుడ్డ అందుకుని అద్దాలు తుడిచింది. చాలాసేపు ఇద్దరూ పని చేసుకున్నారు.

చివరికి ఆమె చెప్పింది. మేడమ్ దేన్నయినా అంకెల్లో చూస్తుందని, వ్యాన్ ఉండాలంటే అది చేసే పని ఏమిటో ఆవిడకు తెలియాలని, ఆ పనిలో ముఖ్యమైనది ముందు సీటేనని.

"చెబితే రాస్తుంది," అన్నాడు మావయ్య.

"రాయడానికే కదా వచ్చింది."

"రాస్తే నలుగురూ చదువుతారు. దానికి ఒక పేరు పెడతారు. బోర్డు కడతారు. ఆ తరువాత నర్సమ్మ చెయ్యి పట్టుకుంటే ఎవరైనా వస్తారా? విదిలించుకుని వెనక్కి పోతారు. ఇప్పుడు కూర్చుంటున్నారంటే, అది ఫలానా అని ఎవరూ అనరు కాబట్టి కూర్చుంటున్నారు."

"చెప్పకపోతే బండే ఉండదు మావయ్యా."

అతను బకెట్‌లో నీళ్లు పారబోశాడు. ఖాళీ బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"మీ అమ్మ కూర్చున్న రోజు నేను దిగలేదే పిట్టా. బండి తోలాలి కదా. మిగతావాళ్లను దింపి వచ్చేసరికి పిన్ని అన్నం వండేసింది. మీ అమ్మ తింటోంది. నేను ఉండి ఉంటే ఏడ్చేవాణ్ణి, అది తినేది కాదు." తడి చేతులు తుడుచుకుని అన్నాడు: "ఆవిడకి చెప్పు. కాగితానికి చెప్పొద్దు."

ఆ పొద్దున కిందికి వెళ్లేటప్పుడు మేడమ్‌ని కేంద్రం నుంచి వచ్చిన జీపులో పంపి, పిట్ట వ్యాన్‌లో అందరి ముందూ ఆ సంగతి మేడమ్‌కి చెప్పవచ్చా అని అడిగింది. ఆ సీటు గురించి వ్యాన్‌లో ఒకరు నోరు తెరిచి మాట్లాడటం అదే మొదలు. కొందరు కిటికీలోంచి బయటికి చూశారు. ఒక ముసలాయన తనకు చెవుడన్నాడు. రేడియో పిన్ని తన భర్త ఆ సీటులో కూర్చున్న రోజు సంగతి చెప్పబోయి, మధ్యలో ఆగి, ఆవిడకు చెబితే చెప్పమంది. పిన్ని ఒక మాట మధ్యలో ఆపడం కూడా ఆ వ్యాన్‌లో అదే మొదలని వడ్రంగి అన్నాడు. ఆ నవ్వులో ఒప్పుకోవడం అయిపోయింది.

పిట్ట కేంద్రం వెనక అరుగుమీద మేడమ్‌కి చెప్పింది. తల్లి సంగతి, హారన్ సంగతి కూడా చెప్పింది. అంతా విన్నాక మేడమ్ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

తరువాత ఆవిడ చెప్పింది పిట్ట ఊహించనిది. మిగతా కేంద్రాల్లో పెద్ద జబ్బని తేలినవాళ్లలో చాలామంది మళ్లీ కనబడరని, భయంతోనో సిగ్గుతోనో ఇంట్లోనే ఉండిపోతారని, ఇక్కడ మాత్రం దాదాపు అందరూ తిరిగి వస్తున్నారని చెప్పింది. అది అంకెల్లో ఆవిడకు మొదటి రోజే కనబడింది. కారణం దొరకలేదు. నర్సమ్మ ఫోన్లు చేసి పిలుస్తుందేమోనని అడిగితే, పై ఊళ్లలో ఫోన్ మోగడమే గొప్ప అని నర్సమ్మ నవ్విందట.

"జబ్బు తేలిన రోజు వాళ్లు ఒంటరిగా ఇంటికి వెళ్లడం లేదు. అంతే కదా," అంది మేడమ్. "కారులో పంపి ఉంటే ఒంటరిగానే వెళ్లేవాళ్లు."

"అది రాయకూడదు మేడమ్."

"విన్నానుగా. ఇంటింటికీ తిరిగే వ్యాన్ ఉండాలని రాస్తాను. డ్రైవరు ఆ ఊళ్ల మనిషే అయ్యుండాలని రాస్తాను. అందరినీ కలిపి తీసుకెళ్లి కలిపి తేవాలని రాస్తాను. ముందు సీటు ఖాళీగా ఉంచాలని రాస్తాను."

"ఎందుకని అడుగుతారు."

"డ్రైవరు క్యారేజీ పెట్టుకోవడానికి. మా శాఖలో అన్నం సంగతికి ఎవరూ అడ్డు చెప్పరు." కళ్లజోడు పెట్టుకుని లేచింది. "అయినా ఆ సీటులో స్ప్రింగు ఒకటి పైకి లేచి గుచ్చుకుంటోంది. నిన్న దారంతా నాకు అదే బాధ. మీవాళ్లెవరూ ఎందుకు చెప్పలేదు?"

పిట్టకు తల్లి ఆ సీటులో అటూ ఇటూ కదలడం గుర్తొచ్చింది. తన బరువు వల్ల కాదన్నమాట. ఇన్నేళ్లకు అది తెలిసి ఆమె అరుగుమీద మళ్లీ కూర్చుంది.

శాఖవాళ్లు వ్యాన్‌ని ఆపేయలేదు. మేడమ్ రాసినదాని మీద ఇంకొన్ని కేంద్రాల్లో కూడా వ్యాన్లు పెట్టారు. ముందు సీటు ఖాళీగా ఉంచాలన్న ఆదేశం చూసి అక్కడి డ్రైవర్లు కొందరు స్టెప్నీ టైరు పెట్టుకున్నారు. ఒకతను మాత్రం కొన్ని నెలలకు మావయ్యకు ఫోన్ చేసి, ఈ సీటు ఎందుకో నిన్న తెలిసిందన్నాడు. ఏం జరిగిందో అతను చెప్పలేదు. మావయ్య అడగలేదు. ఇద్దరూ టైర్ల గురించి మాట్లాడుకున్నారు.

అవన్నీ తరువాతి సంగతులు. మేడమ్‌కి అక్కడ చివరి రోజు ఇలా గడిచింది.

సాయంత్రం వ్యాన్ కేంద్రం ముందు ఆగి ఉంది. మేడమ్ వెనక వరసలో, రేడియో పిన్నికీ కిటికీకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఒళ్లో ఎవరిదో సంచి ఉంది. పై ఊళ్లో పెట్టె తీసుకుని, జీపులో దిగి రాత్రి బస్సు ఎక్కాలని ఏర్పాటు. పిన్ని ఆవిడకు కోడిపెట్ట వ్యవహారం ఎంతవరకు వచ్చిందో చెబుతోంది. అందరూ ఎక్కారు, వడ్రంగి రాలేదు. నడుం నొప్పికి ఫొటో తీస్తారని పొద్దున నవ్వుకుంటూ వచ్చాడు. తనను ఫొటో తీస్తే యంత్రం సిగ్గుపడుతుందన్నాడు.

కేంద్రం తలుపు తెరుచుకుంది. నర్సమ్మ వడ్రంగి చెయ్యి పట్టుకుని వస్తోంది.

మావయ్య క్యారేజీ తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. గుడ్డ కూడా తీశాడు. వడ్రంగి ముందు తలుపు దగ్గర ఒక క్షణం నిలబడ్డాడు. చెక్కను కొలిచినట్టు ఆ సీటును చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. పిన్ని కోడిపెట్ట కథ ఆపకుండా చెబుతూనే ఉంది, గొంతు మాత్రం కొంచెం పెంచింది. ఈసారి కోడిపెట్ట తరఫున వాదించేవాళ్లు లేరు. కొంత దూరం వెళ్లాక మేడమ్ అందుకుని, ఆ పెట్టకు అక్కడ మర్యాద దొరుకుతోందేమో కనుక్కోమంది.

ముందునుంచి వడ్రంగి నవ్వు వినబడింది.

"బావా, ఈ సీటులో స్ప్రింగు గుచ్చుకుంటోందయ్యా," అన్నాడు. "ఇన్నేళ్లలో ఒక్కడూ చెప్పలేదే."

"ఎక్కినవాళ్లు ఎవరూ చెప్పలేదు," అన్నాడు మావయ్య.

"రేపు సామాను తెచ్చి బాగు చేస్తాను. తరవాతవాళ్లకైనా పనికొస్తుంది."

పిన్ని వానల సంగతికి వచ్చింది.

వడ్రంగి ఇల్లు మూడో మలుపులో ఉంది. వ్యాన్ ఆగింది. పిట్ట లేచి పక్క తలుపు పైకెత్తి జరిపింది. పిన్ని దిగింది, పిట్ట దిగింది. మేడమ్ ఒళ్లోని సంచి పక్కనున్నవాళ్లకు ఇచ్చి, తను కూడా దిగింది. వడ్రంగి ఆవిడను చూశాడు.

"మీకు బస్సుంది కదండీ."

"రేపూ ఉంది," అంది మేడమ్.

వ్యాన్ వెళ్లిపోయింది. వడ్రంగి భార్య గుమ్మంలోకి వచ్చి, దిగినవాళ్లను చూసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగి దారి ఇచ్చింది. పిన్ని తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లింది. మేడమ్ ఏం చేయాలో తెలియక గ్లాసులు ఎక్కడుంటాయని అడిగింది. పిట్ట చూపించింది.

పైన మలుపులో హారన్ మోగింది. మళ్లీ దాని పై మలుపులో. ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీద ఎదురొచ్చే బళ్లేవీ ఉండవు.

పిట్ట కుండలోంచి నీళ్లు ముంచుతూ, చివరి మలుపు దాకా విని, గ్లాసు తీసుకెళ్లి వడ్రంగి చేతికిచ్చింది.